చుక్క లేని అక్షరం: సిరియాక్ సంకేతీకరణలో ఒక నిర్ణయంపై పరిశీలన

సిరియాక్ వర్ణమాలలో అక్షరాలు 22. ఆ లిపి కోసం యూనికోడు ప్రమాణం ఏర్పరచిన పట్టికలో ఈ 22లో చేరని రూపాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిని గురించి ఈ వ్యాసంలో విచారించదలచాము. దాని సంకేత సంఖ్య 0716. దానికిచ్చిన పేరు ‘చుక్క లేని దాలత్ రీష్’. సిరియాక్ నేర్చుకొనే పిల్లలు ఓనమాలలో దీనిని దిద్దరు. అయినా కంప్యూటరులో దీనికి శాశ్వతమైన స్థానం లభించింది. ఈ నిర్ణయం సరైనదేనా, సరైనదైతే ఎంతవరకు సరైనది అన్నదే మా ప్రశ్న.

తెలుగు శాఖలో చదువుకొనేవారికి సిరియాక్ లిపితో ఏమి పని అని విద్యార్థులు అడగవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఆ తెలుగును తమిళ లిపిలోనో ఒడియా లిపిలోనో నాగరిలోనో రాసుకొన్న కుటుంబాల పిల్లలు ఏటా మా తరగతులకు వస్తుంటారు. తాతల నాటి పుస్తకాలను తెలుగు లిపిలోకి ఎత్తి రాయాలని వారికి ఉత్సాహం. ఆ పనిలో వారికి ఎదురయ్యే చిక్కే సిరియాక్ పండితులకూ ఎదురయింది. వారు దానిని ఎలా పరిష్కరించుకొన్నారో తెలుసుకోవడం మనకు ఉపయోగకరమని భావించి ఈ అక్షరాన్ని ఎన్నుకొన్నాము.

ముందుగా లిపిని గురించి నాలుగు మాటలు. సిరియాక్ అనేది అరమాయిక్ భాషాకుటుంబానికి చెందిన భాష. ఎడెస్సా నగరంలో, అంటే నేటి తుర్కియేలోని ఉర్ఫాలో, సాహిత్యభాషగా రూపుదిద్దుకొంది. లిపి కుడి నుంచి ఎడమకు సాగుతుంది. అక్షరాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఎస్ట్రంగేలా అనే ప్రాచీన శైలి, పశ్చిమ సంప్రదాయానికి చెందిన సెర్టో శైలి, తూర్పు సంప్రదాయపు శైలి అని దీనికి మూడు రూపాలున్నాయి. చూపుకు ఇవి చాలా భిన్నంగా కనిపించినా అక్షరాలు అవే కనుక, యూనికోడు మూడు శైలులకూ కలిపి ఒకే సంకేత సంఖ్యలు ఇచ్చింది. శైలీభేదాన్ని ఫాంటుకు వదలిపెట్టింది. ఈ లిపిని చేర్చాలన్న ప్రతిపాదనను 1998లో పాల్ నెల్సన్, జార్జ్ కిరాజ్, సార్గోన్ హాసో సమర్పించగా, 1999లో వెలువడిన యూనికోడు 3.0లో అది చోటు చేసుకొంది.

ఈ 22 అక్షరాలలో దాలత్, రీష్ అనేవి రెండు. మొదటిది దకారం, రెండవది రేఫ. రెండింటి ఆకారం ఒక్కటే. కింద చుక్క ఉంటే దాలత్, పైన చుక్క ఉంటే రీష్. ఆ చుక్క తప్ప వాటికి వేరే గుర్తు లేదు. మన లిపిలో థకారానికీ ధకారానికీ ఉన్న భేదం ఇలాంటిదే. నడుమ ఉన్న చుక్క ఒక్కటే ఆ రెండింటినీ వేరు చేస్తుంది. ‘కథ’ అనవలసిన చోట ‘కధ’ అని పాత అచ్చులలో కనిపించడం పాఠకులకు కొత్త కాదు. అయితే మనకు థ, ధ తారుమారైనా మాట తెలిసిపోతుంది. సిరియాక్ లో ద, ర తారుమారైతే మాటే మారిపోతుంది.

ఈ చుక్క మొదటి నుంచీ ఉన్నది కాదు. తేదీ గల సిరియాక్ శాసనాలలో అతి ప్రాచీనమైనది యూఫ్రటీస్ ఒడ్డున బిరెజిక్ వద్ద దొరికింది. దాని కాలం క్రీ.శ. 6. ఎడెస్సా ప్రాంతపు తొలి శతాబ్దుల శాసనాలలో ద, ర రెండింటికీ ఒకే రూపం కనిపిస్తుంది; చుక్క లేదు. తేదీ గల సిరియాక్ గ్రంథప్రతులలో అన్నిటికంటే పాతది ఎడెస్సాలోనే 411 నవంబరులో రాసినది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో దాలత్, రీష్ చుక్కలతో స్పష్టంగా వేరుపడి ఉన్నాయి. అంటే ఈ రెండు కాలాల నడుమ లేఖకులు ఆ భేదాన్ని గుర్తుతో చూపడం అలవరచుకొన్నారన్నమాట. సిరియాక్ చుక్కల చరిత్రపై జె.బి. సీగల్ 1953లో ఒక ప్రామాణిక గ్రంథం వెలువరించారు. యూనికోడు ప్రతిపాదకులలో ఒకరైన కిరాజ్ 2015లో అదే విషయంపై ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. చుక్క అనేది పుస్తకానికి సరిపడే విషయమని దీనివల్ల తెలుస్తుంది.

ఈ రెండు రూపాల సామ్యం ఎంత దూరం వెళ్లగలదో చూపడానికి సోదర లిపి నుంచి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. హీబ్రూ లిపిలో కూడా దకార రేఫలు చాలా దగ్గరగా ఉంటాయి. దావీదు ఉప్పు లోయలో సాధించిన విజయాన్ని చెబుతూ సమూయేలు రెండవ గ్రంథపు హీబ్రూ పాఠం శత్రువు అరాము అంటుంది. అదే సంఘటనను చెప్పే దినవృత్తాంతముల మొదటి గ్రంథం ఎదోము అంటుంది. హల్లులు మాత్రమే రాసే లిపిలో ఈ రెండు పేర్లకు నడిమి అక్షరం ఒక్కటే తేడా: ఒకచోట ర, మరొకచోట ద. అరాము ఉత్తరాన, ఎదోము దక్షిణాన ఉన్న దేశాలు. ఒక్క గీత దగ్గర లేఖకుని చూపు జారితే సైన్యం దిక్కు మారిపోయింది.

ఇప్పుడు సంకేతీకరణ దగ్గరకు వద్దాము. చుక్క లేని పాత శాసనాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పండితుడు ఏమి చేయాలి? మూడు దారులున్నాయి.

మొదటి దారిలో పరిష్కర్త ప్రతిచోటా సందర్భాన్ని బట్టి దాలత్ అనో రీష్ అనో నిర్ణయించి దానినే నమోదు చేస్తాడు. ఇది సులభం. కాని అలా నమోదు చేసిన పాఠంలో రాతి మీద ఉన్నదేదో, పరిష్కర్త ఊహించినదేదో తరువాతివారు తెలుసుకోలేరు. అతడు పొరబడితే ఆ పొరపాటు శాసనపు మాటగానే చలామణి అవుతుంది.

రెండవ దారిలో ఆకారానికి ఒక సంఖ్య, చుక్కకు వేరొక సంఖ్య ఇస్తారు. ఆకారానికి కింద చుక్క చేరిస్తే దాలత్, పై చుక్క చేరిస్తే రీష్, ఏదీ చేర్చకపోతే సందిగ్ధ రూపం. చూడడానికి ఇది తర్కబద్ధంగా ఉంది. కాని ఇది అక్షరాన్ని అక్షరంగా చూసే దారి కాదు, బొమ్మగా చూసే దారి. సిరియాక్ చదివేవారికి దాలత్ ఒక అక్షరం, రీష్ మరొక అక్షరం. ఒక ఆకారానికి తగిలించిన రెండు చుక్కలు కావు. పైగా చుక్క ఎల్లప్పుడూ విడిగా నిలవదు. బహువచనాన్ని సూచించడానికి మాట మీద పెట్టే రెండు చుక్కల గుర్తు రీష్ మీద పడితే, రీష్ సొంత చుక్క ఆ రెండింటిలో కలిసిపోవడం లేఖకుల వాడుక. చుక్కను విడదీసి లెక్కించే పద్ధతి ఇటువంటి చోట్ల చిక్కుపడుతుంది.

మూడవ దారి, దాలత్ కు ఒక సంఖ్య, రీష్ కు ఒక సంఖ్య ఇచ్చి, చుక్క లేని రూపానికి మూడవ సంఖ్య ఇవ్వడం. యూనికోడు ఈ దారినే పట్టింది. దాలత్ 0715, చుక్క లేనిది 0716, రీష్ 072ఎ. తొలి కాలంలో దాలత్ రీష్‌లను వేరుచేయకుండా రాసిన సందిగ్ధ రూపమని పట్టికలో 0716కు ఒక వివరణ కూడా చేర్చారు.

ఈ నిర్ణయాన్ని మేము ప్రధానంగా సమర్థిస్తున్నాము. సందేహం ఉన్నచోట సందేహాన్నే నమోదు చేసే అవకాశం ఇది కల్పించింది. ‘ఏదో ఒకటి ఎన్నుకో’ అని యంత్రం పండితుణ్ణి బలవంతపెట్టడం లేదు. పరిష్కరణశాస్త్రంలో మనం మొదటి పాఠంగా చెప్పేది ఇదే: ప్రతిలో ఉన్నదానిని ఉన్నట్టు రాయి, నీకు తోచినదానిని వేరుగా రాయి. ఈ సూత్రం 0716తో యంత్రానికి కూడా అర్థమయ్యే రూపం పొందింది. అయితే సమర్థించినంత మాత్రాన లోపాలు లేవని కాదు. మూడు లోపాలను ఇక్కడ ఎత్తిచూపుతాము.

మొదటిది పేరులో ఉన్నది. ‘చుక్క లేని’ అన్న విశేషణం చుక్క ఉండవలసి ఉండి లేదన్న భావాన్ని కలిగిస్తుంది. క్రీ.శ. 6లో రాతిని చెక్కినవాడి దృష్టిలో అక్కడ ఏ లోపమూ లేదు. అతని వర్ణమాలలో ఆ ఆకారానికి రెండు విలువలున్నాయి. చదివేవాడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. భాషాశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే రెండు వర్ణాలకు ఒకే లేఖనరూపం ఉంది. అది వ్యవస్థ, తప్పు కాదు. తరువాత వచ్చిన చుక్కను ప్రమాణంగా తీసుకొని, ముందున్నదానిని ‘లేనిది’ అని పిలవడం చరిత్రను తలకిందులుగా చదవడమే. యూనికోడులో ఒకసారి ఇచ్చిన పేరును మార్చరాదన్న నియమం ఉన్నందువల్ల ఈ పేరు ఇక ఇలాగే ఉంటుంది.

రెండవ లోపం వాడుకలో ఉన్నది. చుక్క కనబడకపోవడానికి మూడు కారణాలుండవచ్చు. లేఖకుని కాలంలో చుక్క పెట్టే ఆచారమే లేకపోవచ్చు. ఆచారం ఉండి లేఖకుడు మరచిపోయి ఉండవచ్చు. అతడు పెట్టినా చెమ్మ తగిలో సిరా రాలిపోయో చెరిగిపోయి ఉండవచ్చు. మొదటిది లిపిచరిత్ర, రెండవది లేఖకదోషం, మూడవది ప్రతికి కలిగిన నష్టం. కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి కనుక మూడింటికీ 0716నే వాడాలన్న ఆశ పుడుతుంది. పట్టికలోని వివరణ మొదటి సందర్భాన్ని మాత్రమే చెబుతోంది. తక్కిన రెండింటినీ అక్షరసంఖ్యతో కాక, పాఠానికి చేర్చే గుర్తులతో చూపడమే సరైన పద్ధతి. 1987లో మొదలైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ ‘ఇది అస్పష్టం’, ‘ఇది పరిష్కర్త పూరించినది’ అని తెలిపే గుర్తులను ఏర్పరచింది. వాటిని వాడవలసిన చోట 0716ను వాడితే ఆ అక్షరం సందేహాలన్నిటినీ కుప్పవేసే మూలగది అవుతుంది.

మూడవది వెదకడంలో వచ్చే ఇబ్బంది. యంత్రం సంఖ్యలను పోలుస్తుంది, అర్థాన్ని కాదు. ఒక పరిశోధకుడు దాలత్ తో ఎదోము అని టైపు చేసి వెదికితే, 0716తో నమోదైన ఎదోము అతనికి దొరకదు. రీష్ తో అరాము అని వెదికినా దొరకదు. సందేహాన్ని నిజాయితీగా నమోదు చేసిన పాఠమే ఎవరికీ దొరకకుండా పోతుంది. దీనికి మందు ఉంది. వెదికే ప్రోగ్రాము ఈ మూడు సంఖ్యలనూ సమానంగా భావించేటట్టు ప్రత్యేకంగా చెప్పాలి. కాని ప్రోగ్రాము రాసేవారికి ఈ అక్షరం చరిత్ర తెలిసినప్పుడే అది జరుగుతుంది. ప్రమాణం అక్షరాన్ని ఇచ్చింది. దానిని వాడుకొనే జ్ఞానాన్ని ఇవ్వవలసినది విశ్వవిద్యాలయాలు.

ఇటువంటి అక్షరం సిరియాక్ కే పరిమితమని అనుకోనక్కరలేదు. అరబ్బీలో చుక్కలు లేని ‘బ’, చుక్కలు లేని ‘ఖాఫ్’ అనే రూపాలు 2002లో యూనికోడు 3.2లో చేరాయి. మన తెలుగు పట్టికలోనూ దీనికి ప్రతిబింబం వంటిది ఒకటుంది. ప్రాచీన శాసనాలలో కనిపించే ఒక అక్షరానికి 2015లో యూనికోడు 8.0లో 0సి5ఎ అనే సంఖ్య ఇచ్చారు. అది దంతమూలీయ హల్లు అనీ, దాని ఖచ్చితమైన ధ్వనివిలువ తెలియదనీ పట్టికే చెబుతోంది. సిరియాక్ లో రూపం ఒకటి, ధ్వనులు రెండు. ఏ ధ్వని అన్నదే ప్రశ్న. తెలుగులో రూపం స్పష్టం, ధ్వని అస్పష్టం. రెండు చోట్లా ప్రమాణం చేసిన పని ఒకటే: తెలియనిదానిని తెలిసినదానిలో కలిపివేయకుండా వేరుగా నిలబెట్టింది. శాసనంలోని ఆ అక్షరాన్ని ఱకారంగా మార్చి రాసుకొన్నన్నాళ్లు అక్కడ ఒక ప్రశ్న ఉన్నదన్న సంగతే పాఠంలో కనబడదు.

ఇక సిరియాక్ లిపి మన దక్షిణదేశానికి కూడా వచ్చింది. కేరళలోని సురియాని క్రైస్తవులు తమ మలయాళాన్ని ఆ లిపిలో రాసుకొన్నారు. 22 సెమిటిక్ అక్షరాలతో ద్రావిడభాషను రాయడం కుదరదు. టకారం, ణకారం, ళకారం వంటివి అందులో లేవు. అందుచేత వారు మలయాళం నుంచి రూపాలు తెచ్చి చేర్చుకొన్నారు. అటువంటి 11 అక్షరాలు 2017లో యూనికోడు 10.0లో, 0860 నుంచి 086ఎ వరకు స్థానం పొందాయి. మాట్లాడే భాష ఒకటి, రాసే లిపి మరొకటి అయినప్పుడు ప్రజలు రెండు పనులలో ఒకటి చేస్తారు: లేని అక్షరాన్ని తెచ్చుకొంటారు, లేదా ఉన్న అక్షరంతోనే రెండు పనులు చేయించుకొంటారు. కేరళ సురియానులది మొదటి దారి. మన ఇళ్లలో తరచుగా కనిపించేది రెండవది.

తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాల పాటల పుస్తకాలను చూడండి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. త, థ, ద, ధ లకు ఒకే అక్షరం. ఒకసారి మా తరగతిలో ఒక విద్యార్థిని తన అమ్మమ్మ రాసుకొన్న పుస్తకం తెచ్చింది. అందులో క, త అనే రెండు తమిళ అక్షరాల మాట ఒకటి వచ్చింది. అది కథా, గద్యమా, గదా, గతమా, లేక వాక్యం చివర వచ్చే ‘కదా’లో దీర్ఘం పోయిన ‘కద’నా అని తరగతి అంతా అరగంట వాదించుకొంది. చివరికి ఆ అమ్మాయి సిగ్గుపడుతూ, ‘మా అమ్మమ్మకు తెలుగు సరిగా రాదు సార్, అంతా తప్పులే’ అంది. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు బాధించింది. ఆమె అమ్మమ్మ రాసినదానిలో తప్పు లేదు. ఎడెస్సా శిల్పి ఏ వ్యవస్థలో చెక్కాడో ఆమె ఆ వ్యవస్థలోనే రాసింది. పాట ఆమెకు నోటికి వచ్చు. అక్షరం ఆమెకు జ్ఞాపకం చేసే గుర్తు మాత్రమే. చుక్క అవసరం ఆమెకు రాలేదు, మనకు వచ్చింది.

చుక్క అవసరమైనవారు అక్కడ కూడా చుక్క పెట్టుకొన్నారు. తమిళంలో అచ్చయిన సంగీత పుస్తకాలలో త్యాగరాజు కీర్తనలు చూస్తే, ‘క’ పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు కనిపిస్తాయి; 3 ఉంటే అది గకారం. దాలత్ కింది చుక్క చేసే పనిని అక్కడ అంకె చేస్తోంది. ఒడియాలోనూ నాగరిలోనూ ఎ, ఏ లకు వేరు వేరు అక్షరాలు లేవు. ఆ లిపులలో రాసిన తెలుగులో ‘మెడ’, ‘మేడ’ ఒకేలా ఉంటాయి. పాత తమిళ తాళపత్రాలలో రకారమూ దీర్ఘాన్ని చూపే కాలూ ఒకే రూపంలో ఉండేవి. ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్న మనకు ఎదురవుతూనే ఉంటుంది.

అయితే వీటన్నిటికీ 0716 వంటి కొత్త సంఖ్యలు కావాలా అంటే, అక్కరలేదని మా అభిప్రాయం. తమిళ కకారానికి తమిళ పట్టికలో సంఖ్య ఉండనే ఉంది; అది రెండు విలువలతో అక్కడ హాయిగా ఉంది. సందిగ్ధత పుట్టేది దానిని తెలుగు లిపిలోకి మార్చే క్షణంలో. కనుక ఆ మార్చే పనిలోనే జాగ్రత్త కావాలి. సిరియాక్ పండితులకు ఆ అవకాశం లేదు. వారిది ఒకే లిపిలో రెండు దశల మధ్య సమస్య కనుక ప్రత్యేక సంఖ్య తప్పనిసరి అయింది. ఈ తేడాను గుర్తించకుండా ప్రతి సందేహానికీ ఒక కొత్త అక్షరం అడగడం వివేకం కాదు.

మా విద్యార్థులకు మేము ఇచ్చే సలహా ఇది. ఇంట్లో ఉన్న పుస్తకాన్ని మొదట అది ఏ లిపిలో ఉందో ఆ లిపిలోనే అక్షరం తప్పకుండా నమోదు చేయండి. చుక్క లేకపోతే పెట్టకండి. దీర్ఘం లేకపోతే చేర్చకండి. ఆ తరువాత వేరొక పుటలో మీ తెలుగు పాఠం రాయండి. మీకు రెండు విధాలుగా తోచినచోట రెండూ రాసి, దేనిని ఎందుకు ఎన్నుకొన్నారో ఒక వాక్యంలో చెప్పండి. రాసినవారు బతికి ఉంటే ముందు వారినే పాడమనండి. ఏ యంత్రమూ చెప్పలేని చుక్కను వారి గొంతు చెబుతుంది. ఆ అమ్మాయి ఆ సెలవులలో అదే చేసింది. అమ్మమ్మ పాడగా విని వచ్చి ఆ మాట ‘గతి’లోని గకారం, తకారమే కాని ఇకారం రాయడం మరచిపోయిందని చెప్పింది. మా అరగంట వాదంలో ఎవరికీ తోచని పాఠం అది.